పేరు అడగని ఫొటో

1936 తొలి నెలల్లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర చలివానకు బఠాణీ పంట పాడైపోయింది. పనిలేక చిక్కుబడిపోయిన కూలీల మకాంలో, గుడారం కింద పిల్లల్ని దగ్గరకు తీసుకుని కూర్చున్న ఒక తల్లిని, ప్రభుత్వ పునరావాస సంస్థ తరఫున తిరుగుతున్న డొరొథియా లాంగ్ ఫొటో తీశారు. వయసు 32 ఏళ్లని తెలుసుకున్నారు గానీ పేరు అడగలేదు. ఆర్థిక మహామాంద్యం అనగానే ఇప్పటికీ కళ్లముందు మెదిలే ముఖం అదే. ఆమె ఫ్లోరెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియడానికి మాత్రం 42 ఏళ్లు పట్టింది.

దుమ్ము తుపానులకు పొలాలు పోగొట్టుకుని పడమటికి తరలివచ్చిన తెల్లజాతి రైతుల కష్టాన్ని జనం ఆమెలో చూసుకున్నారు. నిజానికి ఆమె 1903లో, ఓక్లహోమా ఇంకా రాష్ట్రం కాకముందు, చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ కుటుంబంలో పుట్టారు. తుపానులకు ఏళ్ల ముందే, 1920లలోనే, కాలిఫోర్నియా చేరారు. 1931లో ఆరో బిడ్డ కడుపులో ఉండగా భర్త క్షయతో పోయాడు. ఆపైన పత్తి తీస్తూ, కాయగూరలు కోస్తూ, పంట ఎక్కడుంటే అక్కడికి పిల్లలతో వెళ్లడమే ఆమె బతుకైంది. ఇవేవీ ఫొటోలో కనబడవు.

ఆ మకాం దుస్థితి పత్రికల్లో వచ్చాక ప్రభుత్వం అక్కడికి 20,000 పౌండ్ల (దాదాపు 9,000 కిలోల) ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం కదిలిపోయింది. దీన్ని దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు. చట్టాల విషయంలో అలా అనలేం. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం వృద్ధాప్య పింఛను నుంచి వ్యవసాయ కూలీలను, ఇంటి పనివారిని మినహాయించింది. సంఘం పెట్టుకుని బేరమాడే హక్కును అదే ఏడాది కార్మికులకిచ్చిన చట్టమూ, 1938 నాటి కనీస వేతన చట్టమూ పొలం కూలీలను బయటే ఉంచాయి. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి కూలీల శ్రమపై బతికిన భూస్వాముల పలుకుబడి ఇందుకొక కారణమని చాలామంది చరిత్రకారులు చెబుతారు. పింఛను రక్షణ పొలం కూలీలకు 1950లలో, కనీస వేతనం 1966 సవరణతో గానీ దక్కలేదు. ఏ తల్లి ముఖం ఆనాటి సంస్కరణలకు గుర్తుగా నిలిచిందో, ఆ తల్లి చేసే పనినే ఆ సంస్కరణలు లెక్కలోకి తీసుకోలేదన్నది నన్ను అన్నిటికన్నా బాధిస్తుంది.

1978లో మొడెస్టో పట్టణంలో ఒక విలేఖరి కనుగొన్నప్పుడు, ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు పైసా రాలేదని ఆమె అన్నారు. ప్రభుత్వం కోసం తీసిన ఆ ఫొటోపై లాంగ్‌కూ హక్కులు లేవు కాబట్టి, నిందంతా ఆమెపై మోపడం న్యాయం కాదు. 1998లో ఆ ఫొటో ప్రతి ఒకటి వేలంలో 2,44,500 డాలర్లు పలికింది. థాంప్సన్ అప్పటికి పోయి 15 ఏళ్లు. 1983లో ఆమె మంచానపడితే, వైద్యం ఖర్చు భరించలేక పిల్లలు జనాన్ని సాయం అడిగారు. 35,000 డాలర్లకు పైగా విరాళాలు, 2,000కు పైగా ఉత్తరాలు వచ్చాయి. అన్నాళ్లూ ఆ ఫొటో తమకు శాపంలా ఉండేదని, ఆ ఉత్తరాలు వచ్చాకే దాన్ని తలచుకుని గర్వపడ్డామని ఆమె కొడుకు చెప్పారు.