వార్డెన్ అన్న, దానకర్ణుడు, ఒక వైఫై

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో నెట్‌వర్క్ ఇంజనీరింగ్ ఎంత ఎత్తుకు ఎదిగిందో లోకం ఇంకా గుర్తించలేదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి నాలుగంతస్తుల నుంచీ ఒకటే కేక: "అన్నా, నెట్ వస్తలేదు!" వార్డెన్ అన్న గంభీరంగా కదులుతాడు. ప్లాస్టిక్ స్టూలెక్కి, చెప్పుల ర్యాక్ పైనున్న రౌటర్ ప్లగ్గు పీకుతాడు. పదిదాకా లెక్కపెట్టి మళ్లీ గుచ్చుతాడు. లైట్లు ఒక్కొక్కటే వెలుగుతుంటే మెట్ల మీద జనం హారతికి వచ్చినట్టు నిలబడి చూస్తారు. నెట్ వస్తుంది. అన్న స్టూల్ దిగుతాడు. అన్న గదికి చేరేలోపే నెట్ పోతుంది. అన్న మళ్లీ స్టూలెక్కుతాడు.

కారణం మూడో అంతస్తులో గురక పెడుతోంది. అక్కడో దానకర్ణుడు టొరెంట్ పెట్టి పడుకున్నాడు. అంటే ఫైల్ దించుకుంటూనే దాని ముక్కల్ని ఊరందరికీ పంచే పద్ధతి (ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లే సుమండీ, వేరే ఊహించకండి). అతని టొరెంట్ సాఫ్ట్‌వేర్ క్యూబిట్టొరెంట్‌లో అప్‌లోడ్ లిమిట్ సున్నా. ఆ సాఫ్ట్‌వేర్‌లో సున్నా అంటే ఎవరికీ ఏమీ ఇవ్వొద్దని కాదు, ఉన్నదంతా ఊడ్చి ఇచ్చెయ్యమని. రీస్టార్ట్ చేసిన కాసేపు పాత కనెక్షన్లు తెగి ఉంటాయి కాబట్టి అందరికీ ఊపిరాడుతుంది. అవి మళ్లీ కలుసుకోగానే కథ మొదటికొస్తుంది.

అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉన్న కేబుల్ లైన్ అనుకోండి. మోడెమ్‌లో 1 ఎంబీ (అంటే 8 మెగాబిట్ల) బఫర్, అదే డేటా వరసలో ఆగే చోటు, టొరెంట్‌తో నిండిందంటే, దాని వెనక చేరిన ప్రతి ప్యాకెట్‌కీ, అంటే ప్రతి డేటా ముక్కకీ, 0.8 సెకను ఆలస్యం. డౌన్‌లోడ్ చేసేవాడికి అప్‌లోడ్‌తో ఏం పని అంటారా? వచ్చిన డేటాకు 'ముట్టింది' అని రసీదు పంపాలి. ఆ రసీదు క్యూలో ఇరుక్కుంటే అవతలి సర్వర్ కూడా నెమ్మదిస్తుంది.

ఓనర్ గారు ఊరుకున్నారా? లేదు. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 200కి పెంచి, బెడ్డుకు 150 రూపాయలు వడ్డించారు. పెరిగింది డౌన్‌లోడ్, అప్‌లోడ్ మాత్రం అదే 10! తర్వాత వైఫై సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే రిపీటర్ ఒకటి, ఒకే రేడియో ఉన్న చౌకది, తగిలించారు. అది ప్రతి ప్యాకెట్‌నీ అదే ఛానెల్లో రెండోసారి పంపుతుంది కాబట్టి ఉన్న స్పీడులో సగం అక్కడే హరీ. ఆఖరికి పాస్‌వర్డ్ మార్చారు, అందరికంటే ముందు తెలుసుకున్నది దానకర్ణుడే.

అసలు పని పది నిమిషాలది. టొరెంట్‌లో టూల్స్, ఆప్షన్స్, స్పీడ్‌కి వెళ్లి అప్‌లోడ్ సెకనుకు 200 కేఐబీ (కిలోబైట్ల లాంటిదే) దగ్గర కట్టేయాలి. కనెక్షన్ పేజీలో మొత్తం కనెక్షన్ల గరిష్ఠం 500 ఉంటే 100 చేయాలి. అయితే దానకర్ణుడి సంస్కారాన్ని నమ్ముకుని హాస్టల్ నడపలేం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకు ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రౌటర్ తెచ్చి, అందులో క్యూని అదుపు చేసే ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ వేయండి. వాన్ ఇంటర్‌ఫేస్ (బయటి ఇంటర్నెట్ వైపు లైన్) ఎంచుకుని, కొలిచిన స్పీడులో 90 శాతం ఇవ్వండి: అప్‌లోడ్ 10 అయితే 9000 కేబీపీఎస్. క్యూ నిర్వహణకు 'కేక్' అనే పద్ధతి పెట్టండి. 2018 నుంచి అది లైనక్స్ కెర్నెల్లోనే ఉంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో అప్‌లోడ్‌కు 'నాట్ డ్యూయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్', డౌన్‌లోడ్‌కు 'నాట్ డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్' రాస్తే వాటా ఒక్కో ఫోనుకూ లాప్‌టాప్‌కూ సమానంగా పడుతుంది. ఇక 500 కనెక్షన్లు తెరిచినా దానకర్ణుడి లాప్‌టాప్‌ది ఒక్క వాటాయే. రౌటర్‌లో ప్యాకెట్లను అడ్డదారిన పంపే ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆపడం మరిచిపోతే మాత్రం అవి ఈ క్యూ పక్కనుంచే జారుకోవచ్చు, 'చేశాం, పనిచేయలేదు' అనే మహానుభావులు బోల్తా పడే చోట్లలో ఇదొకటి. పాత రౌటర్ అయితే ప్రాసెసర్ చాలక స్పీడే పడిపోవచ్చు. గాలిలోనే, అంటే వైఫై సిగ్నల్లోనే, రద్దీ ఉంటే దీనితో తీరదు: అంతస్తుకో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) పెట్టి, దానికి వైరు లాగి, 5 గిగాహెర్ట్జ్‌లో నడపాలి.

ఇంత చెబితే ఓనర్ గారి జవాబు: "ఫ్రీ వైఫైకి ఇంత రాద్ధాంతమా?"

ఫ్రీ ఎక్కడిదండీ? గేటు మీద అడుగెత్తు అక్షరాలతో 'హైస్పీడ్ వైఫై' అని బోర్డు పెట్టి, దాన్ని చూపించే కదా అద్దె వసూలు చేస్తున్నారు? అప్పు చేసి కోర్సు ఫీజు కట్టిన పిల్ల వీడియో ఇంటర్వ్యూలో కూర్చుంటుంది. చెప్పిన జవాబు అవతలికి ముక్కలు ముక్కలుగా చేరుతుంది. "మీ మాట వినిపించట్లేదమ్మా" అని వాళ్లు కాల్ పెట్టేస్తారు. ఆ ఉద్యోగం మళ్లీ ఎవరిస్తారు? మీరా, మీ 200 ఎంబీపీఎస్ ప్లానా? బెడ్డుకు 150 అదనంగా గుంజడానికి తీరిక దొరికింది గానీ, ఒక గడిలో 9000 అని కొట్టడానికి చేతులు రాలేదు!