మూడేళ్ల తర్వాత జేపెగ్ ఎక్స్‌ఎల్‌కు మళ్లీ దారి

జేపెగ్ ఎక్స్‌ఎల్ అనే కొత్త చిత్ర ఫార్మాట్‌ను బ్రౌజర్ నుంచి తొలగిస్తున్నట్టు 2022 అక్టోబరులో గూగుల్‌కు చెందిన క్రోమ్ బృందం ప్రకటించింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి, వెబ్ రంగంలో దానిపై తగినంత ఆసక్తి లేదన్నది. ఇది నమ్మశక్యంగా లేని కారణం. అడోబీ, ఇంటెల్, ఫేస్‌బుక్, షాపిఫై వంటి సంస్థల ఇంజినీర్లు తమకు ఈ ఫార్మాట్ కావాలని క్రోమ్‌కు ఆధారమైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు క్రోమియం బృందానికే బహిరంగంగా రాసి ఉన్నారు. పైగా దాని మూలాల్లో ఒకటైన పిక్ అనే చిత్ర ఫార్మాట్ గూగుల్ పరిశోధకులదే. రెండోది క్లౌడినరీ సంస్థ రూపొందించిన ఎఫ్‌యూఐఎఫ్.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణంగా వెలువడిన ఈ ఫార్మాట్‌ను రాయల్టీ చెల్లించకుండా ఎవరైనా వాడుకోవచ్చు. ఇప్పటికే ఉన్న జేపెగ్ ఫైలును నాణ్యత ఏమాత్రం తగ్గకుండా సుమారు 20 శాతం కుదించి, కావాలనుకున్నప్పుడు అసలు ఫైలును ఒక్క బిట్ కూడా తేడా లేకుండా తిరిగి రాబట్టుకునే వీలు ఇందులో ఉంది. పాత తెలుగు పత్రికల స్కాన్లను జేపెగ్‌లుగా దాచుకున్నవారికి ఈ ఒక్క గుణం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ప్రమాణం వెలువడటం ఒకటి, బ్రౌజర్‌లోకి చేరడం మరొకటి. గీతల చిత్రాల ఫార్మాట్ ఎస్‌వీజీ 2001లోనే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫారసుగా వెలువడినా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోకి రావడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. కదిలే చిత్రాల ఫార్మాట్ ఎంఎన్‌జీకి ఆ భాగ్యం కూడా దక్కలేదు: 2003లో మొజిల్లా (నేటి ఫైర్‌ఫాక్స్ సంస్థ) దానిని తొలగించాక వాడుకరులు పెద్ద సంఖ్యలో ఓట్లు వేసి అడిగినా తిరిగి రాలేదు.

జేపెగ్ ఎక్స్‌ఎల్ విషయంలోనూ మొదట అదే జరిగింది. బ్రౌజర్ సంస్థలు ఏ ఫీచర్లు అన్ని బ్రౌజర్లలో ఒకేలా పనిచేయాలో తేల్చేందుకు కలిసి నడిపే ఇంటరాప్ 2024 కార్యక్రమం కోసం వచ్చిన ప్రతిపాదనల్లో అత్యధిక మద్దతు పొందిన వాటిలో ఇదొకటి. అయినా ఏకాభిప్రాయం లేదంటూ పక్కన పెట్టారు. ఆ చర్చలు బయటివారికి కనిపించవు కాబట్టి అభ్యంతరం ఎవరిదో, ఎందుకో తెలుసుకునే మార్గమే లేకపోయింది. ప్రజల నుంచి ప్రతిపాదనలు కోరే వేదిక, వాటిని తిరస్కరించినప్పుడు కారణం చెప్పకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

అయితే బ్రౌజర్ల జంకులో పూర్తిగా అర్థం లేదనలేం. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే ఫార్మాట్ చిత్రాలను చదివే కోడ్ లైబ్రరీలో బయటపడిన, దాడులకు వీలిచ్చే మెమరీ లోపం వల్ల ప్రధాన బ్రౌజర్లన్నీ హడావుడిగా అప్‌డేట్లు విడుదల చేయవలసి వచ్చింది. సీ, సీ++ భాషల్లో రాసిన ప్రతి కొత్త డీకోడరూ (చిత్ర ఫైలును చదివి తెరపై చూపే కోడ్) అటువంటి దాడికి మరో తలుపు కాగలదు. అదే నెలలో సఫారీ 17 జేపెగ్ ఎక్స్‌ఎల్‌ను స్వీకరించింది కానీ, మొజిల్లా మాత్రం 2024లో మెమరీ భద్రత గల, అంటే అటువంటి మెమరీ లోపాలను చాలావరకు అడ్డుకునే, రస్ట్ భాషలో డీకోడర్ ఉంటే పరిశీలిస్తామన్నది. వాదన అక్కడ మలుపు తిరిగింది. అడిగేవారికి మొదటిసారి తీర్చగలిగిన షరతు ఒకటి దొరికింది. గూగుల్ పరిశోధన బృందమే రస్ట్‌లో డీకోడర్ రాసే పనికి పూనుకుంది. 2025 నవంబరులో క్రోమ్ బృందమూ మెట్టు దిగి, సురక్షితమైన డీకోడర్‌తో పాటు దానిని దీర్ఘకాలం నిర్వహిస్తామన్న హామీ ఉంటే స్వీకరిస్తామని చెప్పింది.

మూడేళ్ల పాటు జనం అడగడం మానేసి ఉంటే ఆ డీకోడర్ రాయవలసిన అవసరమే ఎవరికీ తోచేది కాదు. ఇక మిగిలింది నిర్వహణ. ఏళ్ల తరబడి ఆ కోడ్‌ను చూసుకునే ఇంజినీర్లకు జీతాలెవరిస్తారన్నది తేలాలి. ఈ ఫార్మాట్ కావాలని రాసిన పెద్ద సంస్థలు ఇప్పుడు చేయి కలపవలసింది అక్కడే.