ఫ్యామిలీలకు మాత్రమే: టూలెట్ బోర్డు గారికి ఒక కిరాయిదారు రాయునది

మహబూబ్‌నగర్

మహారాజశ్రీ టూలెట్ బోర్డు గారి దివ్య సముఖమునకు,

పై పోర్షన్ కిరాయిదారు నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. అంటే ఈ నెల కిరాయి ఐదో తారీఖు లోపే కట్టేశామని అర్థం. మీరు కూడా మెట్టుగడ్డలో, ఏనుగొండలో, బండమీదిపల్లి రోడ్డులో గేటుగేటుకూ క్షేమంగా వేలాడుతున్నారని వచ్చేపోయేటప్పుడు చూస్తూనే ఉన్నాం.

ఈ ఊళ్లో మీకున్న మర్యాద ఇంకెవరికీ లేదు. లీడర్ల ఫ్లెక్సీలు కూడా నాలుగు రోజుల్లో చినిగి మేకల షెడ్డు మీదికి చేరతాయి. మీరు మాత్రం రేకు ముక్క మీద ఎర్ర రంగుతో వెలిసి, బైండింగ్ వైరుతో గేటు కమ్మీలకు కట్టించుకుని, ఎండొచ్చినా వానొచ్చినా జాగా వదలరు. ఇల్లు నిండితే మిమ్మల్ని విప్పరు, వెనక్కి తిప్పుతారంతే. రంగు లేని మీ వీపు రోడ్డుకు కనిపిస్తుంటే లోపల ఎవరో దిగారని గల్లీ అంతా తెలుసుకుంటుంది. లోపలున్నవాళ్లకేమో మీ ముఖం రోజూ కనిపిస్తూ ఉంటుంది. ఓనర్ గారితో జర జాగ్రత్తగా మాట్లాడాలని గుర్తు చేయడానికి అది చాలు.

మీ సీజన్ గురించి నేను చెప్పాలా! డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ‘దోస్త్’లో సీట్లు ప్రకటించగానే మీ సంతానం గోడల మీద, కరెంటు స్తంభాల మీద, మెడికల్ షాపుల అద్దాల మీద మొలుస్తుంది. 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చింది, 2016లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. అప్పటికే ఉన్న డిగ్రీ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, ఇంటర్ హాస్టళ్లు ఉండనే ఉన్నాయి. నారాయణపేట, గద్వాల, అచ్చంపేట, కొడంగల్ దిక్కు నుంచి బియ్యం సంచీ, పరుపు చుట్ట పట్టుకుని బస్సు దిగే పిల్లల్ని చూసే ఇక్కడి ఓనర్లు మొదటి అంతస్తు మీద రెండోది, రెండోదాని మీద పెంట్‌హౌస్ లేపారు. శ్లాబు ఆరిందో లేదో మీ నుదుటి మీద రాత మారిపోయింది: ‘ఫ్యామిలీస్ ఓన్లీ’.

ఎవరి కోసమైతే ఇల్లు లేచిందో వాళ్లకే ఇల్లు లేకుండా చేసే ఈ విద్య మీరు ఏ యూనివర్సిటీలో చదివారో గానీ, అక్కడ హాస్టల్ సీటు తప్పకుండా దొరికి ఉంటుంది.

ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న “ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?” బ్యాచిలర్స్ అన్నారో, “ఇయ్యం” అని ఫోన్ పెట్టేస్తారు. అబ్బాయిలకు ఆ ఒక్క ముక్కే. నర్సింగ్, బీఈడీ చదివే అమ్మాయిలు అడిగితే మాత్రం సగం సేపు మంచి మాటలు చెప్పి, ఆఖరుకు “ఆడపిల్లలు, మాకెందుకమ్మా టెన్షన్” అంటారు. తాగుతారని వాళ్లకు ఇవ్వరు, తాగరని తెలిసి వీళ్లకు ఇవ్వరు. ఎటూ కానివాళ్లకు మిగిలేది మేడ మీది రేకుల రూము. ఎండాకాలం పరీక్షలకు చదువుకోవాలంటే రాత్రి పదయ్యేదాకా రేకు చల్లారదు. ఆ రూముకు మాత్రం ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ నియమం లేదు, ఎందుకంటే ఏ ఫ్యామిలీ కూడా అందులో దిగదు.

పోనీ, ఫ్యామిలీ అయితే బతికిపోతామా? మేం ఫ్యామిలీయే. నేను, మా ఆవిడ, ఒక పాప. ఇల్లు చూడటానికి పోయిన రోజు ఓనర్ ఆంటీ కుర్చీలో కూర్చుని పాపను పైనుంచి కిందికి చూసింది.

“గోడల మీద గీతలు గీస్తదా సార్?”

“గీయదండీ.”

“చుట్టాలెక్కువొస్తరా?”

“పండక్కి మా అమ్మానాన్న...”

“ఎన్ని రోజులుంటరు?” తర్వాత నీళ్ల లెక్క, నాన్‌వెజ్ లెక్క, రాత్రి గేటు వేసే టైము. అన్నిట్లో పాసయ్యాక, లేచి చీర కొంగు సర్దుకుంటూ ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. “ఇంటిపేరు ఏందన్నరు సార్?”

మేం చెప్పలేదు కాబట్టి ‘అన్నారు’ అనడానికి లేదు. మీ మీద ఎక్కడా రాయని షరతు అదొక్కటే బోర్డు గారూ. అన్నిటికంటే స్పష్టంగా చదువుకోగలిగేదీ అదే. ఇంటిపేరు నచ్చకపోతే “మా తమ్ముడు వస్తనంటున్నడు, రేపు చెప్తం” అంటారు. ఈ ఊళ్లో ఇంతమంది తమ్ముళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటారు, ఒక్కడూ దిగడు.

పిల్లలమర్రికి పాపను తీసుకుపోయినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. తన నీడన కూర్చున్నవాళ్లను అది ఇంటిపేరు అడిగిన దాఖలా లేదు. బహుశా అందుకే చెదలు పట్టి, 2018లో సెలైన్ ఎక్కించాల్సి వచ్చిందేమో. షరతులు పెట్టుకుని ఉంటే రెండు నెలల అడ్వాన్సుతో వైద్యం చేయించుకునేది.

ఇక కరెంటు సంగతి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. కిరాయికి ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుందని సర్కారే చెప్పింది. కానీ ఆ సున్నా వచ్చేది కరెంటోళ్ల మీటరుకు. మా గోడకున్నది సబ్ మీటరు, అది ఓనర్ గారి సొంత సంస్థానం. మూడు పోర్షన్ల వాడకం ఒకే మీటరు మీద పడితే యూనిట్లు 200 దాటుతాయి, దాటితే సున్నా పోతుంది, పైగా రేటు శ్లాబు ఎక్కుతుంది. శ్లాబు ఎక్కింది కాబట్టి యూనిట్‌కు పది రూపాయలు. ఈ లెక్కను మాకు వివరించేటప్పుడు ఓనర్ అంకుల్ ముఖంలో కనిపించే బాధ చూస్తే మేమే ఆయనకు రెండు వందలు ఎదురిద్దామనిపిస్తుంది.

చట్టాలున్నాయి, ఉన్నచోట ఉన్నాయి. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తయారు చేసింది. ఇంటికి రెండు నెలల కిరాయి కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోవద్దని, ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకుంటేనే దానికి బలం. మా అంకుల్ అయితే మెట్ల మీద చెప్పుల చప్పుడు చేస్తారు, నోటీసు అదే. అగ్రిమెంటు 11 నెలలకు రాసుకుంటాం, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలని 1908 నాటి చట్టం చెబుతోంది కదా. ఆ చట్టం ఒక్కటి మాత్రం ఓనర్లందరికీ కంఠతా వచ్చు.

పండుగల దగ్గరికొస్తే మీ అసలు మహిమ తెలుస్తుంది. వినాయక చవితికి, బతుకమ్మకు కాలనీ మూలన ఫ్లెక్సీ వెలుస్తుంది: ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయగలరు’. చందా పుస్తకం మాత్రం ముందు రేకుల రూముల తలుపే కొడుతుంది. “ఏం తమ్మీ, కాలనీలోనే ఉంటున్నరు కదా, ఐదొందలు రాయమంటవా?” వినాయకుణ్ని డీసీఎం వ్యానులోంచి దించేదెవరు? బ్యాచిలర్లు. సీరియల్ లైట్లు కట్టేది, జనరేటర్ దగ్గర రాత్రి పడుకునేది, నిమజ్జనం నాడు నడుం పట్టేసేది వాళ్లే. కాలనీ పెద్దలు ముందు వరుస కుర్చీల్లో శాలువాలు కప్పుకుంటారు.

బతుకమ్మకైతే మరీ విడ్డూరం. మా కాలనీ ఆంటీలకు గునుగు పువ్వు ఏ చెలకలో దొరుకుతుందో తెలియదు, మార్కెట్లో కొంటే ధర మండిపోతుంది. కాబట్టి అచ్చంపేట పిల్లగాడు సెలవుకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు బండికి ఇటొక సంచి అటొక సంచి కట్టుకుని గునుగు, తంగేడు తేవాలి. తెస్తాడు కూడా. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు వాడు తెచ్చిన పువ్వుతోనే కాలనీలో అన్నిటికంటే ఎత్తు బతుకమ్మ లేచింది. పూలు పేర్చుతూ ఆంటీలంతా “బంగారం లాంటి పిల్లగాడు” అన్నారు. పండుగయ్యాక ఆ బంగారమే, కింది పోర్షన్ ఖాళీ అయిందని తెలిసి అడిగితే, “అది ఫ్యామిలీలకు బాబూ” అన్నారు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆట ఉండదు. అలిగే హక్కు మన దగ్గర బతుకమ్మకే ఉంది, కిరాయిదారుకు లేదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మహబూబ్‌నగర్ అంటే పాలమూరు కదా. డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టడానికి ఈ జిల్లా జనం దేశమంతా వలస పోయారు. పాలమూరు లేబర్ అంటే ఒక బ్రాండు. పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి ముంబై బస్సెక్కినవాళ్లు ఈ గల్లీలోనే ఉన్నారు, మా ఓనర్ గారి నాన్న సహా. అక్కడ ఒక్క ఖోలీలో పదిమంది పడుకున్నామని ఆయన అరుగు మీద కూర్చుని కథలు కథలుగా చెప్తాడు. భార్యాపిల్లల్లేకుండా పోయిన ఆ పదిమందికీ అక్కడెవరో తలుపు తీశారు. ఆ కథ వింటున్నంతసేపూ మీరు ఆయన వెనక గేటుకు వేలాడుతూనే ఉంటారు, మీకు మాత్రం వినపడదు.

సొంతిల్లు కట్టుకోరాదా అంటారు. సొంత జాగా ఉంటే ఇందిరమ్మ ఇంటికి సర్కారు ఐదు లక్షలిస్తుంది. జాగా కోసం జడ్చర్ల, భూత్పూర్ దిక్కు వెంచర్లు చూడటానికి పోతే, వాళ్లు కారు పంపి, బిర్యానీ పెట్టి మరీ ధర చెప్తారు. బిర్యానీ బాగుంటుంది.

అసలు విషయం రాయడం మరిచాను. ఈ నెలాఖరుకు మేం ఖాళీ చేస్తున్నాం. అడ్వాన్సులోంచి రంగుల పైసలు కోసుకుంటామని ముందే చెప్పేశారు. ఒకటో తారీఖు పొద్దున మిమ్మల్ని మళ్లీ రోడ్డు వైపు తిప్పుతారు. ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ కింద కొంచెం జాగా ఉంది, దయచేసి ఈ నాలుగు ముక్కలు రాయించుకోండి: బాత్రూం గడియ పడదు, బకెట్ అడ్డం పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో బోరు ఆగిపోతే ట్యాంకర్ ఖర్చు కిరాయిదారుదే. వంటింటి గోడ వానకు చెమ్మ పడుతుంది, కిందే బియ్యం డబ్బా పెట్టకండి. ఇంటిపేరు తప్పకుండా అడుగుతారు, వచ్చేటప్పుడు ఏదో ఒకటి ఆలోచించుకుని రండి.

ఇట్లు,
మీ విధేయ కిరాయిదారు,
మొదటి అంతస్తు, సబ్ మీటరు నంబర్ రెండు