హాట్ లిప్స్ అక్కయ్యకు ఒక తప్పులేని డాలరు రాయునది

అక్కయ్యా,

మనిద్దరం 1888లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ టంకశాలలో పుట్టిన వెండి డాలరు నాణేలమే. ఇద్దరి బరువూ 26.73 గ్రాములే, నూటికి తొంభై పాళ్ళు వెండే. వెనకవైపు గద్ద కింద ఇద్దరికీ మన టంకశాల గుర్తు, అదే ‘ఓ’ అక్షరం. అయినా నన్ను చూస్తే జనం తక్కెడ తీస్తారు, నిన్ను చూస్తే భూతద్దం తీస్తారు. నా ముఖాన పెదవులు ఒక్క జతే ఉండటం నేను చేసిన పాపం!

నీకు రెండు జతలు, అందుకే నాణేలు సేకరించేవాళ్ళు నిన్ను ‘హాట్ లిప్స్’ అంటారు. ముక్కూ, గడ్డమూ కూడా రెండేసి. మన బొమ్మ కోసం, దాన్ని చెక్కిన జార్జ్ మోర్గన్ ముందు కూర్చున్న ఫిలడెల్ఫియా టీచరమ్మ అన్నా విలియమ్స్ నిన్ను చూసి ఉంటే ఆయన్ని బెంచీ ఎక్కించేది.

నిజానికి ఆ తప్పు మన ఊరిది కూడా కాదు. నాణేలు కొట్టే అచ్చులన్నీ ఫిలడెల్ఫియా టంకశాల నుంచే వచ్చేవి. మూలముద్రను ఒక్కసారి నొక్కితే అచ్చు మీద బొమ్మ పూర్తిగా దిగదు. అచ్చును కాల్చి, మెత్తబరిచి, మళ్ళీ నొక్కాలి. అలా మళ్ళీ నొక్కినప్పుడు ముద్ర కాస్త పక్కకు పడింది. చేసింది వాళ్ళు, బ్రహ్మరథం నీకు.

మన చిన్న చెల్లి సంగతి విను. దాని అక్షరాలూ జంటగానే కనిపిస్తాయి. తనకూ యోగం పట్టిందని మురిసిపోయింది. భూతద్దం పెట్టినాయన పెదవి విరిచాడు. డబుల్ డై అయితే, అంటే నీలా అచ్చులోనే బొమ్మ రెండుసార్లు పడితే, రెండో గీత కూడా గుండ్రంగా, ఎత్తుగా నిలబడుతుందట. దీని రెండో గీత మెట్టులా చదునుగా, మెరుస్తూ, అసలు అక్షరాన్నే చెక్కినట్టుంది. అంటే అచ్చు లక్షణంగానే ఉంది, కొట్టేటప్పుడు వదులై కదిలింది. దాన్ని మెషిన్ డబ్లింగ్ అంటారు, పైసా ఎక్కువ రాదు. తప్పు కూడా వంశపారంపర్యంగా రావాలట, సొంతంగా చేసుకుంటే చెల్లదట!

మా ఇంటాయన మాత్రం ఆశ చావక, నలుపు కింద రెండో పెదవేమైనా దాక్కుందేమోనని నన్ను టూత్‌పేస్టు పెట్టి తోమాడు. పెదవి దొరకలేదు గానీ ఒళ్ళంతా గీతలు పడ్డాయి. ఉన్న విలువా గోవిందా. నీకేం, అరిగిపోయినా గిరాకీయే.

1918లో వెండి డాలర్లను కరిగించడానికి వీలిచ్చిన పిట్‌మన్ చట్టం వచ్చాక మనవాళ్ళను 27 కోట్లకు పైగా కరిగించారు. తప్పున్నదా లేనిదా అని ఎవరూ చూడలేదు, అందరిదీ ఒకటే కొలిమి. మన కులానికి దక్కిన సమానత్వం అదొక్కటే.

ఒక్క ఉపకారం చెయ్యి. మళ్ళీ జన్మంటూ ఉంటే ఫిలడెల్ఫియాలో ముద్ర నొక్కేవాళ్ళకు నా గురించి ఒక మాట చెప్పు. ఒక వెంట్రుకవాసి పక్కకు జరిపితే చాలు.

ఇట్లు,
నీ తప్పులేని చెల్లెలు