గొంతులు ఆగాయి, మరి పనులు?

"మందులు వేసుకుంటున్నాడు కదా, ఇంకేం?" స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ల ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వినిపించే మాట ఇది. అతనికిప్పుడు చెవిలో గొంతులు వినపడటం లేదు. ఎవరో వెంటపడుతున్నారన్న భయమూ పోయింది. కానీ స్నానానికని టవల్ భుజాన వేసుకున్నవాడు అరగంటయినా మంచం అంచునే కూర్చుని ఉంటాడు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. నిజానికి అది కూడా జబ్బులో భాగమే. డాక్టర్లు వీటిని నెగటివ్ లక్షణాలు అంటారు: చొరవ, మాట, ఆసక్తి తగ్గిపోవడం. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడకం మొదలైనప్పటి నుంచి వచ్చిన మందులు భ్రమల్ని బాగానే అణచగలిగాయి కానీ, ఈ వెలితి మీద వాటి ప్రభావం తక్కువే.

దానికి తోడు ఏకాగ్రత, జ్ఞాపకశక్తి కూడా దెబ్బతింటాయి. ఒక ఫారం నింపడమే చూడండి. పేరు రాయడం వరకు ఇబ్బంది లేదు. రెండో గడి చదివేసరికి మొదటి గడిలో ఏమడిగారో మరిచిపోతాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. టెన్షన్‌లో పెన్ను అక్కడే పెట్టేసి వచ్చేస్తాడు. మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకూ ఉధృతి తగ్గాక ఇలాంటి ఇబ్బందులు మిగలొచ్చు. పైకి మామూలుగానే కనిపిస్తారు కాబట్టి వాళ్ల మాట నమ్మేవాళ్లు ఇంకా తక్కువ.

జబ్బుల భారాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ అధ్యయనాల్లో ఒక కొలత ఉంది. పూర్తి ఆరోగ్యానికి 0, మరణానికి 1. అందులో ఉధృతంగా ఉన్న స్కిజోఫ్రీనియాకు 0.778 ఇచ్చారు. లెక్కలోకి తీసుకున్న ఆరోగ్య స్థితులన్నిటిలో ఇదే అత్యధికం. నన్ను ఆపింది మాత్రం దాని పక్కనున్న అంకె. ఉధృతి తగ్గాక మిగిలే స్థితికి 0.588. అంటే "ఇప్పుడు నయమే" అని మనం ఊపిరి పీల్చుకునే దశలో కూడా భారం సగానికి పైనే ఉందన్నమాట.

ఇంత భారం గురించి ఆసుపత్రిలో అడిగేవాళ్లేరి? నిద్ర పడుతోందా, గొంతులు వినిపిస్తున్నాయా, మందు మానలేదు కదా అనే ప్రశ్నలతోనే సంప్రదింపు ముగుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వైకల్యాన్ని అంచనా వేయడానికి హూడాస్ అనే ప్రశ్నావళి తయారుచేసింది. చిన్న రూపంలో 12 ప్రశ్నలే. జబ్బు పేరుతో దానికి పనిలేదు. గత 30 రోజుల్లో ఒళ్లు కడుక్కోవడం, కొత్తవాళ్లతో మసలడం, ఇంటి పనులు చూసుకోవడం ఎంత కష్టమయ్యాయో అడుగుతుంది.

లోపమంతా మనిషిలోనే వెతకడం కూడా అన్యాయమే. ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేనప్పుడు పని చేయలేకపోవడం జబ్బు తప్పెలా అవుతుంది? "ముందు నెలల తరబడి శిక్షణ, ఆ తర్వాత చూద్దాం" అనే పద్ధతికి బదులు, మామూలు ఉద్యోగంలోనే చేర్చి అక్కడ వెన్నంటి సాయం చేసే పద్ధతి ఒకటి ఉంది. చాలా దేశాల్లో జరిగిన పరీక్షల్లో దీనివల్లే ఎక్కువమంది ఉద్యోగాల్లో చేరారు. అయినా ఇది ఇప్పటికీ కొద్దిమందికే అందుతోంది. మందుల చీటీ రాసినంత తేలిక కాదు మరి. ఉద్యోగం చూసిపెట్టి, తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

హూడాస్ చివర్లో ఇంకో ప్రశ్న ఉంటుంది: గత 30 రోజుల్లో రోజువారీ పనులు అసలే చేసుకోలేకపోయిన రోజులెన్ని? టవల్ భుజాన వేసుకుని కూర్చున్న మనిషిని ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.