గెస్టు గారికి కొలతలు ఒక్కసారే చెప్పాలట

దేశంలో సమస్యలు లేవని నేననను. ధరలున్నాయి, నిరుద్యోగం ఉంది, మా విజయనగరం దాసన్నపేటలో దోమలు సరేసరి. కానీ వీటన్నిటినీ ఒక పక్కకి నెట్టి ఇవాళ అత్యవసరంగా మాట్లాడుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. అది నా వర్చువల్ మెషీన్‌లో అక్షరాల సైజు.

తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నా. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్. బయటి దాన్ని హోస్ట్ అంటారు, లోపలి దాన్ని గెస్ట్ అంటారు. ఈ పేర్లు పెట్టినాయన ఎవరో గానీ ఆయనింటికి చుట్టాలు బాగానే వచ్చి ఉంటారు. ఎందుకంటే మన గెస్టు అచ్చం మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషే. దిగగానే మంచం ఎక్కడుందో, ఫ్యాను ఏ మూల తిరుగుతోందో ఒక్కసారి చూసుకుంటాడు. ఆ తర్వాత మీరు మంచం జరిపినా సరే, ఇల్లే మారినా సరే, ఆయన మాత్రం పాత మంచం ఉన్న చోటే నడుం వాలుస్తాడు. కింద పడితే మర్యాద తక్కువైందని మన మీద అలుగుతాడు.

నా లాప్‌టాప్ 14 అంగుళాలు, టేబుల్ మీద మానిటర్ 24 అంగుళాలు. రెండింట్లోనూ చుక్కలు మాత్రం ఒకటే, అడ్డంగా 1920, నిలువుగా 1080. లాప్‌టాప్‌లో అంగుళానికి 157 చుక్కలు ఇరుక్కుని కూర్చుంటే, మానిటర్‌లో 92 చుక్కలు కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి. అందుకే లాప్‌టాప్‌కి 150 శాతం స్కేలింగు (అంటే అక్షరాలు ఒకటిన్నర రెట్లు పెద్దవి చెయ్యడం), మానిటర్‌కి 100. ఏ మానిటర్‌కి ఆ మానిటర్ కొలత ఇవ్వాలన్న జ్ఞానం విండోస్‌కి 2013లో 8.1తో వచ్చింది. అంతకుముందు ఇంటిల్లిపాదికీ ఒకటే సైజు చెప్పులు. 2017లో ఆ తెలివి ఇంకొంచెం ముదిరింది. మంచిదే, కాదనను, కానీ ఆ తెలివి గోడ దాటి లోపలున్న గెస్టుకి చేరాలి కదా! పాపం ఆయన ముందున్నది అసలు మానిటర్ కాదు, ఉత్తుత్తి మానిటర్. ఎన్ని చుక్కలున్నాయో గెస్ట్ టూల్స్ అని గెస్టులో వేసుకునే సహాయక ప్రోగ్రాములు వెళ్ళి చెవిలో చెబుతాయి, ఒక్కో చుక్క ఎంత లావుందో చెప్పడం అన్నిసార్లూ జరగదు. చెప్పినా, లోపల నడుస్తున్న పాత ప్రోగ్రాములు చాలావరకు సైన్ అవుట్ చేసి మళ్ళీ వస్తే గానీ ఒప్పుకోవు. రేపు రండి, ఇవాళ సారు లేరు అన్నట్టు. అప్పటిదాకా పాత బొమ్మనే సాగదీసి చూపిస్తారు, అక్షరాలన్నీ కళ్ళలో మందు వేసుకుని చూసినట్టు అలికేసి ఉంటాయి.

"మరి మానిటర్లు మార్చడం ఎందుకయ్యా, ఒక్కదాని దగ్గరే కుదురుగా కూర్చోలేవా?" అని అడుగుతారు. నేను మారుస్తున్నానా? మారుస్తున్నది కరెంటు. మా ఇన్వర్టరు మీద రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, అత్తయ్య గారి టీవీ ఉన్నాయి, మానిటర్‌కి చోటు దక్కలేదు. కరెంటు పోగానే మానిటర్ ఆరిపోతుంది, దాని మీది విండోలు, అదే కిటికీలన్నీ గెంతుకుంటూ లాప్‌టాప్ మీదికి వచ్చి పడతాయి, వాటితో పాటే గెస్టు గారూ వస్తారు, తన 100 శాతం కొలతతో సహా. అక్షరాలు ఆవగింజలు. నాన్నగారి చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని, ముక్కు స్క్రీనుకి ఆనించి, లోపల 200 చేసుకుంటాను. చేసుకుని "హమ్మయ్య" అనుకునేసరికి కరెంటు వస్తుంది.

మొన్న అంతకంటే ఘోరం జరిగింది. గెస్టు లోపల నేను పెట్టిన 200 అలాగే ఉంది, దానికి తోడు బయటి హోస్టు కూడా పాపం నాకు కనబడటం లేదేమోనని లాప్‌టాప్ దగ్గరి తన 150 ఇక్కడికీ మోసుకొచ్చి కలిపింది. ఇద్దరూ మర్యాదస్తులే, ఎవరి గరిటెతో వాళ్ళు వడ్డించారు. మానిటర్ మీద మూడింతల అక్షరాలు. నా టేబుల్ వీధి కిటికీ పక్కనే. సరిగ్గా అప్పుడే మా మేనేజరు గారి మెసేజ్ వచ్చింది. పక్కింటి రిటైర్డ్ మాస్టారు కొత్తిమీర కట్ట పట్టుకుని వెళ్తూ వెళ్తూ ఆగి, "ఏటి బాబూ, ఆ రిపోర్టు సోమవారానికే ఇచ్చెయ్యాలంట గదా, ఇంకా ఇవ్వనేదా?" అన్నారు. ఆ రోజు నుంచి రోజూ అడుగుతున్నారు. మేనేజరు కంటే ఆయనంటేనే నాకు టెన్షన్.

ఇక మౌస్ సంగతి. స్కేలు తప్పినప్పుడు బాణం ఒకచోట కనబడుతుంది, నొక్కు ఇంకోచోట పడుతుంది. మూడు లాంతర్ల దగ్గర దింపమంటే గంటస్తంభం దగ్గర దింపే ఆటో లాగా. ఊరు తెలిసినవాళ్ళకి అదేం పెద్ద దూరం కాదు గానీ, సేవ్‌కి బదులు డిలీట్ దగ్గర దిగినవాడికి తెలుస్తుంది నొప్పి.

ఆఫీసు హెల్ప్‌డెస్కుకి టికెట్ పెట్టాను. రీస్టార్ట్ చేశారా అన్నారు, చేశాను. గెస్ట్ టూల్స్ తీసి మళ్ళీ వెయ్యమన్నారు, వేశాను. చివరికి "మానిటర్లు మార్చకండి" అని ఒక పరిష్కారం రాసి టికెట్ మూసేశారు. గొప్ప పరిష్కారం. దీన్ని రోడ్ల మీది గోతులకి కూడా వర్తింపజెయ్యాలని నా సూచన, బయటికి వెళ్ళకపోతే సరి. కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను, మా ఆవిడ పోరు పడలేక. నంబరేమీ మారలేదు.

నా బాధల్లా ఒకటే. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కదిలితే, కోట ముందు నిలబడ్డవాడికీ, డాబా మీదెక్కినవాడికీ, నాన్న భుజాల మీద కూర్చున్న పిల్లకీ మాను చివరనున్న పూజారి గారు కనబడతారు. ఒక్కరూ సైన్ అవుట్ అవ్వలేదు. అమ్మవారి పండక్కి అన్ని వేల కళ్ళు సర్దుకుంటుంటే, రెండే రెండు గాజుపలకల మధ్య ఒక కిటికీ సర్దుకోలేదా? కాబట్టి ప్రతి పౌరుడికీ మూరెడు దూరం నుంచి చదవగలిగే అక్షరం హక్కుగా ఇవ్వాలని, ఆ అక్షరం అసలు కొలత గంటస్తంభం మీద చెక్కించాలని, కరెంటు పోయినప్పుడు...

పోయింది. వచ్చింది కూడా. ఈ వ్యాసం గెస్టులోనే రాస్తున్నాను లెండి, ఇప్పుడు స్క్రీనుకి నాలుగే లైన్లు పడుతున్నాయి. పైకి జరిపి మొదటి పేరా దగ్గర తప్పులు చూసుకుంటుంటే కిటికీ దగ్గర ఎవరో దగ్గారు.

"అన్నీ బానే రాసావు గానీ, దోమలకి ఒక్క ముక్కేనా బాబూ?"