కరెంటు ఉంది, పెట్రోల్ ఉంది, బండి మాత్రం స్టార్ట్ కాదు

మా నాన్న 86 మోడల్ అంబాసిడర్ పొగ కక్కేస్తోందని ఇంజిన్ దింపించి బోరు చేయించా. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్డు కూడా లేత్ పని చేయించి తెచ్చా, అంతా అయ్యాక బిగించారు, ఆ తర్వాత పదకొండు రోజులు బండి స్టార్ట్ కాలేదు. ఆ పదకొండు రోజుల కడుపుమంట ఇవాళ ఇక్కడ కక్కేస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

సెల్ఫ్ కొడితే ఇంజిన్ బాగానే తిరుగుతోంది. కానీ కార్బొరేటర్లోంచి ఫట్ ఫట్ మని వెనక్కి తంతోంది, ఒకసారైతే మంట కూడా వచ్చింది, బానెట్ మీద వంగి చూస్తున్న కుర్రాడి కనుబొమలు కమిలిపోయాయి పాపం. ఆటోనగర్లో ఆ షెడ్డు వాళ్ళు ఏం చేశారో తెలుసా, మొదటి రోజు ప్లగ్గులు మార్చారు. రెండో రోజు కండెన్సర్, పాయింట్లు. తర్వాత కాయిల్ వీకన్నారు, కొత్తది తెచ్చా. తర్వాత కార్బొరేటర్ విప్పి కడిగారు, తర్వాత బ్యాటరీ మీద పడ్డారు, చివరికి నలుగురు కుర్రాళ్ళు రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకి తోశారు. ఏడువేల చిల్లర సామాను మారింది, బండి మాత్రం ఫట్ ఫట్.

అసలు నా గొడవేంటంటే, ఇంజిన్ విప్పకముందు ఈ బండి పొగ కక్కుతూ అయినా రోజూ స్టార్ట్ అయ్యేది కదా! అప్పుడు బాగున్న కాయిల్, ఇంజిన్ దింపి ఎక్కించేలోపు మూల కూర్చుని వీకైపోతుందా? విప్పి బిగించిన బండి స్టార్ట్ కాలేదంటే ముందు చూడాల్సింది ఎక్కడెక్కడ చెయ్యి పెట్టామో అక్కడ. టైమింగ్, టాపెట్లు, ప్లగ్గు వైర్ల వరస, ఇంజిన్ కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ. ఇవన్నీ పైసా ఖర్చు లేనివి. అందుకే చూడరేమో.

పన్నెండో రోజు నాన్న కాలం నాటి పెద్ద మేస్త్రి గారిని బతిమాలి తీసుకొచ్చా. డెబ్భై దాటాయి, షెడ్డు మానేసి చాలా ఏళ్ళయింది. రాగానే సెల్ఫ్ ముట్టుకోవద్దన్నారు. "బాబూ, ఇన్ని రోజులు సెల్ఫ్ కొట్టారు, మండని పెట్రోలంతా సిలిండర్ గోడల మీద ఆయిల్ని కడిగేసి కిందకి దిగుంటది, కొత్త రింగులు, ముందు ఆయిల్ మార్పించు" అన్నారు. డిప్ స్టిక్ తీసి వాసన చూస్తే నిజంగానే పెట్రోల్ కంపు. పదకొండు రోజుల్లో ఒక్కడికీ ఆ బుద్ధి పుట్టలేదు, నాతో సహా.

తర్వాత నాలుగు ప్లగ్గులూ తీయించి ఫస్ట్ దాని రంధ్రం మీద ఆయన బొటనవేలు పెట్టి, నన్ను ముందు నుంచి హ్యాండిల్ వేసి మెల్లగా తిప్పమన్నారు. ఒకచోట గాలి తన్ని వేలు ఎగిరింది. "ఆపు, ఆపు, ఇంకొంచెం, చాలు." పుల్లీ మీద గాటు గుర్తు దగ్గరికి వచ్చింది, అంటే ఫస్ట్ పిస్టన్ పైకి చేరింది. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ (నాలుగు ప్లగ్గులకీ వరసగా కరెంటు పంచేది) మూత తీసి చూస్తే, లోపల తిరుగుతూ కరెంటు అందించే రోటర్ ఫస్ట్ వైరు వైపు కాదు, సరిగ్గా ఎదురుగా నాలుగో దాని వైపు చూస్తోంది!

ఇక్కడే అసలు కిటుకు ఉంది. క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు) రెండు రౌండ్లు తిరిగితే క్యాము (వాల్వులు తెరిచే షాఫ్టు) తిరిగేది ఒక్క రౌండే. అంటే పుల్లీ గాటు గుర్తు దగ్గరికి రెండుసార్లు వస్తుంది, ఒకసారి గాలి నొక్కుకుని మండడానికి రెడీగా ఉన్నప్పుడు, ఇంకోసారి పొగ బయటకి పోయి కొత్త గాలి లోపలికి రాబోతున్నప్పుడు. మనవాళ్ళు గాటు చూశారు గానీ అది ఏ రౌండో చూడలేదు. దాంతో కరెంటు, గాలి లోపలికొచ్చే వాల్వ్ తెరుచుకునే టైముకి పడుతోంది, మంట కార్బొరేటర్లోకి తంతోంది.

షెడ్డు కుర్రాడు ఊరుకుంటాడా, "అంబాసిడర్లో డిస్ట్రిబ్యూటర్ తిరగేసి పెడితే అసలు కూర్చోదు తాతా" అని వాదించాడు. అదీ నిజమే. డిస్ట్రిబ్యూటర్ కింద చిన్న గేరు షాఫ్టు ఒకటి ఉంటుంది, దాని తల మీద గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్క అర్ధచంద్రం లావు, ఇంకో పక్క సన్నం, కాబట్టి డిస్ట్రిబ్యూటర్ ఒక్క రకంగానే కూర్చుంటుంది. కానీ ఆ షాఫ్టునే సగం రౌండు తిప్పి దింపితే? పైన అంతా కరెక్టుగా కూర్చుంటుంది, కింద మాత్రం తప్పు.

మేస్త్రి గారు ఒకటీ నాలుగూ, రెండూ మూడూ వైర్లు అటుదిటు మార్చి (సిలిండర్లు మండే వరస 1-3-4-2 కాబట్టి సరిపోతుంది), ప్లగ్గులు బిగించి, ఆయిల్ మార్పించి కొట్టమన్నారు. రెండో సెల్ఫ్ కి అందుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయంటే నవ్వకండి. మళ్ళీ ఆయనే, ఇట్టా వదిలేస్తే రేపు ఇంకో మేస్త్రి బుర్ర గోక్కుంటాడని ఒప్పుకోలేదు, మర్నాడు దగ్గరుండి షాఫ్టు లాగించి సరిగ్గా దింపించాకే వైర్లు మామూలు చోటికి పెట్టించారు.

కొత్త బండ్లవాళ్ళు మాకేంటిలే అనుకోవద్దు. క్రాంకు ఎక్కడుందో బండి కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ వైరు గుచ్చడం మర్చిపోతే చాలా బండ్లలో కరెంటూ ఉండదు, పెట్రోలూ చిమ్మదు, ఇంజిన్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. టైమింగ్ బెల్టు తప్పుగా ఎక్కితే కొన్ని ఇంజిన్లలో పిస్టన్ వెళ్ళి వాల్వ్‌ని గుద్దుతుంది. బిగించాక సెల్ఫ్ కొట్టేముందు స్పానర్ వేసి చేత్తో రెండు రౌండ్లు తిప్పి చూడమని అడగండి, ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపేయమనండి.

తప్పు షెడ్డు వాళ్ళదే అని తేల్చేద్దామంటే నా వైపూ ఉంది. మేస్త్రి గారికి వెయ్యి రూపాయలు ఇస్తుంటే మా బావ పక్కకి లాగి "అరగంట పనికి వెయ్యా?" అన్నాడు. అదే బావ పదకొండు రోజులు సామాను బిల్లులు చూసి కిక్కురుమనలేదు. చేతిలో డబ్బా కనిపిస్తే ఏడువేలైనా ఇస్తాం, చూసి చెప్పినోడికి మాత్రం టీ తాగించి పంపిద్దామంటాం, మరి వాళ్ళు సామాను మార్చక ఏం చేస్తారు?

తీసేసిన పాత కాయిల్ డిక్కీలోనే పడుంది. మొన్న ఆదివారం ఊరికే తిక్క పుట్టి కొత్తది పీకి అదే పెట్టా. ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నా.